నూరు గింజల గొట్టం

పోయిన శనివారం మా వీధి చివర ఇంటివాళ్లు గరాజ్ సేల్ పెట్టారు. మోరిస్‌విల్‌లో మా కాలనీకి ఇది అరుదైన సంగతే. ఇక్కడివాళ్లు పనికిరాని సామాను పారేస్తారు గానీ బల్లమీద పేర్చి కూర్చోరు. రిటైరయ్యాక నాకు తోచడం లేదు కాబట్టి, ఇంకొకళ్ల బల్లమీద ఏముందో చూడకపోతే కాళ్లు నిలవవు. వెళ్లాను. చేపల గాలాలు, తుప్పు పట్టిన స్పానర్లు, వాటి మధ్య అరచేతికంటే కాస్త పెద్దదైన గుండ్రటి ప్లాస్టిక్ పళ్లెం. లోపలంతా వలయాలు వలయాలుగా సన్నటి గాడులు. పక్కనే పెన్సిలంత అల్యూమినియం గొట్టం ఒకటి.

"ఇవి మా మామగారివి. ఏమిటో నాకూ తెలీదు. పిల్లలు పెయింటింగ్ వేసుకోవడానికేమో" అంది అమ్ముతున్న అమెరికన్ అమ్మాయి.

"కాదమ్మా. తూటాలు నింపేటప్పుడు ప్రైమర్లని ఇందులో పోసి చెరుగుతారు. తర్వాత ఈ గొట్టంలోకి ఎక్కిస్తారు" అన్నాను ఇంగ్లీషులో.

ఆ అమ్మాయి నా చీర వంకా, నా ముఖం వంకా మార్చి మార్చి చూసింది. నాకు నవ్వొచ్చింది. నాకు ఈ విద్య చూపించిన మనిషి కూడా చీర కట్టుకునే ఆ పని చేసేది.

ఆవిడ పోయి చాలా ఏళ్లయింది. పేరు రాయను. రాస్తే ఎక్కడున్నా "నా మీద రాయడానికేముందే, నీకు వేరే పనేం లేదా?" అని కోప్పడుతుంది.

డెబ్బైల చివర్లో మేం పెన్సిల్వేనియాలో ఒక చిన్న ఊళ్లో ఉండేవాళ్లం. మావారు అక్కడి ఆస్పత్రిలో డాక్టరు, నేను రంగుల ఫ్యాక్టరీ ల్యాబ్‌లో కెమిస్టుని. ఊరు మొత్తానికి తెలుగువాళ్లవి రెండే ఇళ్లు. ఒకటి మాది, రెండోది ఆవిడది. వాళ్లాయన ఫౌండ్రీలో ఇంజనీరు. షిఫ్టు లేనప్పుడు నిద్రపోయేవాడు, ఉన్నప్పుడు కనపడేవాడు కాదు. ఆవిడ నాకంటే పదిహేనేళ్లు పెద్ద. అక్కయ్యగారూ అని పిలిచేదాన్ని. తాడేపల్లిగూడెం దగ్గర రైస్‌మిల్లు ఉన్న ఇంట్లో పుట్టి, నడక వచ్చినప్పట్నుంచీ బియ్యంలో రాళ్లేరిన మనిషి.

ఆవిడ చేతులు ఊరికే ఉండవు. మా ఇంటికొచ్చి కబుర్లు చెబుతూ చెబుతూ బల్లమీదున్నవన్నీ తిప్పేసేది. చెంచాలు బోర్లా ఉంటే వెల్లకిలా, గుండీలు వెల్లకిలా ఉంటే బోర్లా. మావారు తెచ్చిన శాంపిల్ మాత్రలు ఒకసారి ప్లేటులో పోసి ఆరబెడితే, నేను కాఫీ కలుపుకొచ్చేలోపు అన్నిటి మీదా అక్షరాలు పైకి వచ్చేశాయి.

"ఎందుకండీ ఈ అవస్థ?" అన్నాను.

"దేనికైనా ఓ ముఖం, ఓ వీపు ఉంటాయమ్మాయ్. ముఖం అటు తిప్పేసి పడుకోబెడితే వస్తువు అలగదూ?" అంది. గారెలకి కూడా ముఖం ఉండేది ఆవిడ లెక్కలో. అది ఎటువైపో నేను ఎప్పటికీ కనిపెట్టలేకపోయాను.

వాళ్లుండేది మెయిన్ స్ట్రీట్‌లో ఒక పాత మేడమీద. కింద తుపాకుల కొట్టు. ఆ కొట్టు పెద్దాయనే ఇంటి ఓనరు. డెబ్బై ఏళ్లవాడు, పొడుగ్గా, సస్పెండర్లు పెట్టుకుని, భార్య పోయి ఒంటరిగా ఉండేవాడు. ఆ ఊళ్లో గన్ క్లబ్బు ఉండేది. క్లబ్బువాళ్లు పేల్చేసిన తూటాల ఇత్తడి గుల్లలు ఏరుకొచ్చి ఇస్తే, పెద్దాయన వాటిని శుభ్రం చేసి, మళ్లీ మందు పోసి, సీసం బిగించి కొత్త తూటాలు చేసిచ్చేవాడు. కొట్టు వెనక గదిలో దానికో ప్రెస్సు, బెంచీ ఉండేవి. పొద్దున ఏడింటికి ఆ బెంచీ ముందు కూర్చుంటే సాయంత్రానికి లేచేవాడు.

ఆవిడ ఆ గదిలోకి ఎలా చేరిందన్న దానికి రెండు కథలున్నాయి. నేను రెండూ విన్నాను.

ఆవిడ చెప్పింది ఇది. "హీటరు ఆగిపోయిందని చెప్దామని కిందికెళ్లానమ్మాయ్. ఆయన చూస్తే తల ఎత్తడు. పళ్లెంలో గింజలు పోసుకుని ఒక్కోదాన్నీ వేలికొసతో తిప్పుతున్నాడు. నూరు గింజలకి నూరుసార్లు! అదేమైనా చెరిగే పద్ధతా? ఎంతసేపని చూస్తూ నిలబడతాం?"

పెద్దాయన చెప్పింది ఇంకోటి. మగవాళ్ల ఓవర్‌కోటు, మంచు బూట్లు, మధ్యలో పసుపుపచ్చ బట్ట. అలాంటి ఆకారం ఒకటి వచ్చి చేతిలోంచి పళ్లెం లాగేసుకుందట. "అవి పేలే సరుకు! నా గుండె ఆగిపోయింది. ఈవిడ ఒలకబోస్తే మేమిద్దరం ఏమైపోతామో అనుకున్నాను. ఆవిడ మణికట్టు ఇటోసారి అటోసారి ఆడించింది, అంతే. ఒక్కటీ గాల్లోకి లేవలేదు. పళ్లెం నా ముందు పెట్టింది. నూరూ ఒకే వైపుకి తిరిగి ఉన్నాయి."

ఆయన ఇంకో డబ్బా విప్పి పోశాడు. ఆవిడ మళ్లీ ఆడించింది. మూడోసారి స్టూలు వేశాడు. అలా ఆ మధ్యాహ్నం గడిచిపోయింది. మేడమీదికొచ్చి చలికి వణికినప్పుడు గానీ హీటరు సంగతి అడగలేదని ఆవిడకి గుర్తు రాలేదు.

నాకు కుతూహలం ఎక్కువ. చదివిందా కెమిస్ట్రీ. ఆ శనివారమే వెళ్లి కూర్చున్నాను. ప్రైమర్ అంటే శనగబద్దంత లోహపు చిప్ప. ఒకవైపు నున్నగా మెరుస్తుంది, రెండోవైపు లోపల చిటికెడు పేలుడు మందు. తుపాకిలోని సూది ఆ నున్నటి వీపు మీద కొడితే రవ్వ పుడుతుంది, ఆ రవ్వకి గుల్లలోని మందు అంటుకుంటుంది. అన్నీ ఒకే ముఖంగా ప్రెస్సులోకి వెళ్లాలి. అందుకే ఆ గాడుల పళ్లెం. గాడుల్లో కదిపితే తప్పుగా పడ్డవి తిరుగుతాయి. తర్వాత గొట్టం కొస ఒక్కో ప్రైమర్ మీద పెట్టి అదిమితే అది టక్కుమని లోపలికి ఎక్కుతుంది. నూరు ఎక్కితే గొట్టం నిండుతుంది. ఆ గొట్టాన్ని ప్రెస్సుకి తగిలిస్తే, పెద్దాయన హ్యాండిల్ ఆడించినప్పుడల్లా ఒక్కొక్కటే జారి గుల్ల అడుగుకి వచ్చి కూర్చుంటుంది.

"ఇదంతా నీకెందుకే? రంగులు కలుపుకునేదానివి" అనేది ఆవిడ టక్ టక్‌మని అదుముతూనే. కానీ అడిగినవన్నీ చెప్పేది. గొట్టం నిండాక చెవి దగ్గర పెట్టుకుని చిన్నగా కదిపేది. అడ్డంగా ఒకటి ఇరుక్కుంటే చప్పుడు తేడాగా ఉంటుందట. నేను కూడా పెట్టుకుని విన్నాను. నాకు అన్నీ ఒకేలా వినపడ్డాయి.

పెద్దాయన ఒకసారి కేటలాగు చూసి కొత్త పరికరం తెప్పించాడు. పళ్లేనికి మూత, మూత పక్కన చిన్న కాలువ. వంచి తడితే గింజలు వరసకట్టి వాటంతటవే గొట్టంలోకి జారతాయి. ఆవిడకి పని తగ్గుతుందని ఆయన సంబరం. ఆవిడ చేతులు కట్టుకుని చూసింది. ముప్ఫయ్యో గింజ దాకా బాగానే జారాయి. ఆ తర్వాతది బోర్లా వెళ్లిపోయింది. నాకూ కనపడలేదు, ఆయనకీ కనపడలేదు.

"సార్, దిస్ మెషిన్ నో ఐస్" అని తన కళ్ల వైపు వేలు పెట్టి, గొట్టం ఖాళీ చేసి చూపించింది. పరికరం పై అరలోకి వెళ్లిపోయింది.

నాకు ఒక సందేహం పీకుతూ ఉండేది. గుడ్డు పెట్టిన కేకు కూడా ముట్టని మనిషి తూటాలు నింపడమేమిటి? ఓ రోజు అడిగేశాను.

"క్లబ్బు వాళ్లు కాల్చేది కాగితాలనే. కాగితానికేం ప్రాణం? నే చూసొచ్చాగా" అంది. నిజంగానే వెళ్లి చూసొచ్చిందట, రెండు గంటలు గడ్డిలో నిలబడి. వేటగాళ్ల తుపాకులకి వాడే పెద్ద ప్రైమర్ల డబ్బాలు విడిగా ఉండేవి. వాటిని ముట్టేది కాదు. నవంబరు చివర జింకల వేట మొదలైతే పదిహేను రోజులు మెట్లు దిగేది కాదు. ఆ పదిహేను రోజులూ పెద్దాయన నోరెత్తకుండా వేలికొసతో తిప్పుకునేవాడు.

ఉగాదికి పెద్ద ఊళ్లో చర్చి బేస్‌మెంట్‌లో తెలుగువాళ్లందరం కలిసేవాళ్లం. "ఆవిడేనటండీ, తుపాకులు తయారుచేస్తుందట" అని ఆడవాళ్లు చెవులు కొరుక్కునేవారు. ఆవిడ వినపడనట్టే చెంచాలు తిప్పుకుంటూ కూర్చునేది.

ఇలా మూడేళ్లు గడిచాక ఒక శరత్కాలంలో ఓ కష్టం వచ్చింది. క్లబ్బులో ఏటా జరిగే పోటీ అయిన మర్నాడు, సెక్రటరీ ఒక కాఫీ డబ్బా పట్టుకుని కొట్టుకి వచ్చాడు. నిండా పేలని తూటాలు. ట్రిగ్గర్ నొక్కితే టిక్కుమని ఊరుకున్నాయట. కొన్ని రెండోసారి నొక్కితే పేలాయట. పోటీ మధ్యలో ఆపి మళ్లీ మొదలుపెట్టాల్సి వచ్చిందట. అతను మంచివాడే, గొడవ పడలేదు. "ఇన్నేళ్లు చేశారు, ఇక విశ్రాంతి తీసుకోండి" అని భుజం తట్టి వెళ్లిపోయాడు. తిట్టి ఉంటే ఆ ముసలాయన తట్టుకునేవాడు.

ఆ మధ్యాహ్నం ఆవిడ నా ల్యాబ్‌కి ఫోన్ చేసింది. అంతకు ముందు ఎప్పుడూ చేయలేదు.

"అమ్మాయ్, పెద్దాయన ప్రెస్సు అమ్మేస్తాడట. కొట్టు కూడా మూసేసి ఫ్లోరిడాలో కూతురి దగ్గరికి పోతాడట. 'నా చేతులు అయిపోయాయి' అని ఒకటే మాట. పొద్దుట్నుంచీ అన్నం లేదు."

"అయ్యో" అన్నాను.

"అయ్యో తర్వాత అందువుగాని. నువ్వు కెమిస్టువి కదా, నూనె తగిలితే ఈ ప్రైమర్ చస్తుందా?"

"లోపలి మందులోకి ఇంకితే చావొచ్చు."

"శనివారం పొద్దున రా అయితే" అని పెట్టేసింది.

వెళ్లేసరికి పెద్దాయన పనిముట్లని పాత న్యూస్‌పేపర్లలో చుట్టి అట్టపెట్టెలో పెడుతున్నాడు. ప్రెస్సుకి బోల్టులు ఊడదీసి ఉన్నాయి. ఆవిడ తిన్నగా ఆయన ఎదురుగా నిలబడి, కోటులోంచి జడ తీసి ముందుకి వేసుకుంది. మోకాళ్ల దాకా ఉండే జడ. ఊళ్లో ఆవిడ గర్వపడే వస్తువు ఏదైనా ఉంటే అదొక్కటే. నూనెతో నిగనిగలాడుతోంది.

"సార్, కోకొనట్ ఆయిల్. ఎవ్రీ డే. మై ఫింగర్స్ కిల్ ద ప్రైమర్స్. నాట్ యువర్ హ్యాండ్" అంది. నా వైపు తిరిగి, "నిలబడి చూస్తావేం? సైన్సు చెప్పు" అంది.

నేను చెప్పాను. నూనె ఇంకితే ప్రైమర్ మందు పనిచేయకపోవచ్చని, అది సాధ్యమేనని. పెద్దాయన ఆవిడ చెయ్యి పట్టుకుని వేళ్లు వాసన చూశాడు. ముఖం ఎర్రబడింది. అంత మెత్తటి మనిషి కొట్టు దద్దరిల్లేలా అరిచాడు. మొదటిరోజే చెప్పానే చేతులు శుభ్రంగా ఉండాలని, పుస్తకంలో మొదటి పేజీలోనే ఉంటుందే, ఎన్నిసార్లు చెప్పాలి, చిన్నపిల్లకి చెప్పినట్టు చెప్పాలా! ఆవిడ తల వంచుకుని నిలబడింది. నేను ఆయన్నే చూస్తున్నాను. ఆ కోపంలో ఎంత ఆనందముందో! అరుస్తూనే న్యూస్‌పేపర్లు విప్పడం మొదలుపెట్టాడు.

"ఐ స్పాయిల్, సో ఐ డు ఆల్ ఎగైన్" అంది ఆవిడ. "హ్యాండిల్ ఆల్సో ఐ డు. యు సిట్. యు చెక్."

"అవును, చెక్ చేస్తాను! ఒక్కోటీ చెక్ చేస్తాను!" అని ఆయన బోల్టులు బిగించాడు.

తర్వాత ఆవిడని కూరగాయలకి కార్‌లో తీసుకెళ్లాను. నా బుర్రలో ఏదో కుదరడం లేదు. సిగ్నల్ దగ్గర ఆగినప్పుడు అడిగాను.

"అక్కయ్యగారూ, మీరు బెంచీ ముందు కూర్చునే ముందు సబ్బుతో రెండుసార్లు చేతులు కడుక్కుంటారు. నేను కళ్లారా చూశాను. పైగా నూనె ఇంకి చచ్చిన ప్రైమర్ అయితే రెండోసారి కొట్టినా పేలదు కదా?"

 ఆవిడ కోటు జేబులోంచి రుమాలు తీసి విప్పింది. అందులో పేలని తూటా ఒకటి. నా బొటనవేలు పట్టుకుని దాని అడుగున పెట్టింది.

"తడుము."

తడిమాను. ప్రైమర్ గుంటలో పూర్తిగా దిగలేదు. వెంట్రుకవాసి పైకి ఉంది. చూస్తే కనపడదు, వేలికి తెలుస్తుంది.

"హ్యాండిల్ ముందుకి తోసినప్పుడు అది దిగుతుంది. ఆయనకి కుడి భుజం పట్టేసి, మధ్యలో ఆపేస్తున్నాడు. సూది కొట్టే మొదటి దెబ్బ దాన్ని దించడానికే సరిపోతోంది. రెండో దెబ్బకి గానీ పేలదు" అంది.

నాకు ఒళ్లు మండింది. "నాతో అబద్ధం చెప్పించారా?"

"నువ్వేం అబద్ధం చెప్పావే? చావొచ్చు అన్నావు. చావొచ్చా, చావకూడదా?"

"అసలు సంగతి ఆయనకి చెబితే ఏం పోయేది?"

"ఏం పోయేదా?" అని రుమాలు మడిచి జేబులో పెట్టుకుంది. "తన చేతులు పోయాయని ఆయనే ఏడుస్తున్నాడు. అవునండీ పోయాయి అని నేను కూడా వెళ్లి అనాలా? ఆ బెంచీ తీసేస్తే పొద్దున్నే లేచి ఆ మనిషి ఎక్కడ కూర్చుంటాడు?"

వెనక కారువాడు హారన్ కొట్టాడు. సిగ్నల్ ఎప్పుడు మారిందో నేను చూడలేదు.

ఆ సోమవారం నుంచి కొత్త పద్ధతి మొదలైంది. ఆవిడ మెట్లు దిగి రాగానే రెండు చేతులూ చాపి నిలబడాలి. పెద్దాయన భూతద్దం పెట్టి పది వేళ్లూ చూసేవాడు, స్పిరిట్ ముంచిన దూదితో తుడిచేవాడు, వాసన చూసేవాడు. అప్పుడు గానీ స్టూలు మీద కూర్చోనిచ్చేవాడు కాదు. ఆవిడ గొట్టాలు నింపేది, హ్యాండిల్ తోసేది. ఆయన పక్కన కూర్చుని, తయారైన ప్రతి తూటా అడుగునా బొటనవేలితో తడిమి పెట్టెలో పెట్టేవాడు. రోజంతా పాడైనది ఒక్కటీ లేకపోతే, ఆ సంగతి కొట్టుకి వచ్చిన ప్రతివాడికీ చెప్పేవాడు. ఆ తర్వాత క్లబ్బు నుంచి కాఫీ డబ్బా రాలేదు. భుజం సంగతి ఆయనకి తెలిసిందో లేదో నాకు ఇప్పటికీ తెలీదు. అడగడానికి నాలాంటిదానికి కూడా నోరు రాలేదు.

ఆవిడ నూనె మానేసింది. దోషం నూనెదని తనే చెప్పింది కాబట్టి మానక తప్పలేదు. చలి ఊరు, పొడి గాలి. చూస్తుండగానే జడ ఎర్రబడి, చిట్లి, సగానికి వచ్చింది. ఉగాది కలయికల్లో ఆడవాళ్లు ఊరుకుంటారా? "ఏమిటండీ, జుట్టు అలా పీచులా అయిపోయింది, ఒంట్లో బాగుండటం లేదా?" అని చుట్టూ చేరేవారు. "ఇక్కడి నీళ్లు పడలేదు" అనేది. ఆ మాట అంటూ జడ కొస చీర కుచ్చిళ్లలోకి దోపుకునేది. 

ఒకసారి ఉండబట్టలేక, "శనివారాలైనా రాసుకోవచ్చుగా? రెండు రోజుల్లో పోతుంది" అన్నాను.

"సోమవారం వాసన పట్టేస్తాడే. ఆ ముక్కు సంగతి నీకు తెలీదు" అని నవ్వింది.

ఆరేళ్లు. ఒక్కరోజు కూడా చేతులు చాపడానికి విసుక్కోలేదు.

ఎనభైలు సగం దాటాక, ఒక వసంతంలో పెద్దాయన పోయాడు. ముందురోజు సాయంత్రం దాకా బెంచీ దగ్గరే ఉన్నాడు. పొద్దున పదింటికి చర్చిలో ప్రార్థన జరిగింది. ఆవిడ వెనక వరసలో కూర్చుంది. ఫ్లోరిడా నుంచి వచ్చిన కూతురు వెతుక్కుంటూ వచ్చి ఆవిడ రెండు చేతులూ పట్టుకుని, "ఈ చేతుల గురించి నాన్న ఫోన్‌లో ప్రతి ఆదివారం చెప్పేవారు. భలే మొండిది, కానీ నేను దారిలో పెట్టాను అనేవారు" అంది. ఆవిడ తలూపింది.

బయటికి వచ్చాక, "మీ ఇంటికి పోదాం పదమ్మాయ్" అంది.

మా వంటింట్లో నేల మీద బాసింపట్టు వేసుకుని కూర్చుని జడ విప్పుకుంది. చేతిసంచిలోంచి సీసా తీసి నాకిచ్చింది. కొబ్బరినూనె గడ్డకట్టి ఉంది. వేణ్నీళ్లలో పెట్టి కరిగించి, వెనక కూర్చుని మాడు మీద పోశాను. పోసింది పోసినట్టు ఇంకిపోయింది. మళ్లీ పోశాను, మళ్లీ ఇంకిపోయింది. వేళ్లతో మర్దనా చేస్తుంటే నాకే కళ్లనీళ్లు ఆగలేదు, చేతులు ఆగిపోయాయి.

ఆవిడ వెనక్కి తిరగలేదు. రెండు అరచేతులూ తల మీద పెట్టుకుని, ఆ నూనెలో తనే అద్దుకుంది.

"ఇంకొంచెం పొయ్యమ్మాయ్" అంది. "రేపు నా చేతులు చూసేవాళ్లెవరున్నారు?"